కవ్వాల్ అడవి మనది - బాధ్యత కూడా మనదే

హాస్టల్లో ఎక్స్‌కర్షన్ అనే మాట వినపడగానే మనలో సగం మంది నోట వచ్చే పేరు కుంటాల జలపాతం. పోతాం, చూస్తాం, ఫోటోలు దిగుతాం, పులిహోర పొట్లాలు విప్పుకుని తింటాం, తిరిగి వస్తాం. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఆ అడవిలో ఎవరు బతుకుతున్నారు అని మనలో ఎంతమందిమి ఆలోచించాం? ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా ఆ సంగతే మిత్రులందరి ముందు పెట్టదలచుకున్నాం.

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా పోయి రాయపట్నం దగ్గర గోదావరి దాటితే లక్షెట్టిపేట వస్తుంది. అక్కడి నుంచి జన్నారం దారి పడితే రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు మొదలవుతాయి. అదే కవ్వాల్ అడవి. 1965లో దీన్ని వన్యప్రాణుల అభయారణ్యం చేశారు. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్, బఫర్ కలిపితే 2,000 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. టేకు, వెదురు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్ల మధ్య దుప్పులు, సాంబార్లు, నీల్గాయిలు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి. ఇంత సంపద మన గడప ముందే ఉంది.

ఈ అడవికీ మన అన్నం మెతుకుకూ సంబంధం ఉంది. కొండల్లో పుట్టిన కడెం వాగు కుంటాల దగ్గర సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకి, కడెం ప్రాజెక్టును నింపి, గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లే కింద ఎల్లంపల్లికి చేరతాయి. కొండ మీద చెట్టు ఉంటే వాన నీరు మెల్లగా భూమిలోకి ఇంకుతుంది. చెట్టు పోతే అదే నీరు మట్టిని కోసుకుని వచ్చి ప్రాజెక్టుల్లో పూడికగా చేరుతుంది. అడవి ఆదిలాబాద్‌ది, మనకేం పని అని కరీంనగర్ మిత్రులు అనుకోవడానికి వీల్లేదు.

ఈ అడవిలో మనుషులూ ఉన్నారు. గోండులు, కొలాములు, నాయకపోళ్లు తరతరాలుగా ఇక్కడే బతుకుతున్నారు. నిజాం కాలంలో అడవులను రిజర్వు చేసి, పోడు చేసుకునే వారిని వెళ్లగొట్టినందుకే కొమరం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను గోండుల బతుకు మీద పరిశీలన చేయమంది. ఆయన మార్లవాయి గూడెంలో ఉండి, భూమి పోవడమే ఈ అశాంతికి మూలమని చెప్పాడు. మనుషులను పక్కకు నెట్టి అడవిని కాపాడాలనుకుంటే ఏమవుతుందో మన జిల్లా చరిత్ర అప్పుడే చూపించింది.

ఇప్పుడు సమస్య మరో రూపంలో వచ్చింది. మహారాష్ట్రలోని తడోబాలో పులులు పెరిగి, ప్రాణహిత, పెన్‌గంగ దాటి మన వైపు వస్తున్నాయి. కవ్వాల్ కోర్‌లో నిలదొక్కుకోకుండా ఎక్కువగా కాగజ్‌నగర్ అడవుల్లోనే ఉండిపోతున్నాయి. అక్కడ అడవిని ఆనుకునే పత్తి చేన్లు, గూడేలు ఉన్నాయి. 2020 నవంబరులో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు పులి దాడిలో చనిపోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపింది. అదే ఏడాది జనవరిలో దరిగాం అడవిలో రెండు పులులు చనిపోయి కనిపించాయి. అందులో ఒకటి విషం కలిపిన పశువు కళేబరం తిని చనిపోయిందని అధికారులు చెప్పారు. చేనుకు పోయిన బిడ్డ తిరిగి రాని ఇంట్లో పులి గొప్పతనం గురించి మనం ఏ నోటితో మాట్లాడగలం? అట్లాగని విషం పెట్టి పులిని చంపితే ఆ ఇంటి కన్నీళ్లు ఆగుతాయా?

2025 మే 30న ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చి, తడోబాకూ కవ్వాల్‌కూ మధ్య ఉన్న అడవిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. భూములు పోతాయని గిరిజనులు ఆందోళన చేయగా జూలైలో దాన్ని నిలిపివేసింది. పులికి దారి కావాలి, నిజమే. కానీ గూడెంతో ముందుగా మాట్లాడి ఉంటే ఇంత దూరం వచ్చేదా? 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చింది. పులుల అడవి నుంచి ఊరిని తరలించాలన్నా గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ చట్టం కాగితం మీదే ఉండిపోతే అడవికీ లాభం లేదు, మనిషికీ లాభం లేదు.

మా అభిప్రాయం ఒక్కటే. అడవి పక్కన ఉన్నవాడికి అడవి వల్ల బువ్వ దొరికితే, వాడే దానికి మొదటి కాపలాదారు అవుతాడు. పశువు చనిపోతే పరిహారం ఆలస్యం లేకుండా చేతికి రావాలి. జన్నారం సఫారీ బండ్లు నడిపేవాళ్లు, గైడ్లు, పులి జాడ తీసే ట్రాకర్లు గూడెం పిల్లలే కావాలి. టూరిస్టు ఖర్చు పెట్టే రూపాయిలో వాటా ఆ ఊరికి చేరాలి.

మరి మనం ఏం చేయాలి? తమ్ముళ్లారా, ఎక్స్‌కర్షన్ పోయినప్పుడు తెచ్చిన ప్లాస్టిక్ కవర్ తిరిగి మన సంచిలోనే రావాలి. అడవిలో మైకులు, కేకలు వద్దు. ఎండాకాలం ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా కాలిపోవడానికి. కుంటాల గుండంలో ఈతకు దిగవద్దు. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో మన వయసు పిల్లలు ఎందరో ఉన్నారు.

ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. మన హాస్టల్ గదుల్లో అడవి అంచు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వారి తల్లిదండ్రులకు పట్టా దరఖాస్తు నింపడం, పరిహారం కాగితం రాయడం, గ్రామసభలో ధైర్యంగా మాట్లాడటం తెలియదు. మీరు సెలవుల్లో ఒక్క రోజు వచ్చి చెప్పండి. బీట్ ఆఫీసర్ పరీక్షకు చదివే తమ్ముడికి ఒక పుస్తకం కొనివ్వండి.

సర్కారు బియ్యం తిని చదువుకున్న మనం సమాజానికి బాకీ ఉన్నాం. ఆ బాకీలో కొంత ఈ అడవికీ, అందులోని మనుషులకూ చెల్లిద్దాం.