హర్రాజు పాడిన సరుకు వాపసు వస్తే

జూన్ వచ్చిందంటే ఉనైజాలోని మన వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు మొదలవుతాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, స్ప్లిట్ ఏసీ, పిల్లల సైకిల్, మంచం, పరుపు. కింద ఒక మాట ఉంటుంది: "ఫైనల్ ఎగ్జిట్. పాట 200 రియాళ్ల నుంచి. శుక్రవారం రాత్రి 10 దాకా." ఒకరు 220 అంటారు, ఇంకొకరు 250 అంటారు. టైమ్ అయ్యాక ఎక్కువ పాడినవాళ్లకు సామాను. పేరుకు సైటు లేకపోయినా ఇదీ ఆన్‌లైన్ వేలమే.

ఈ పాటలు పెరగడానికి కారణం మనందరికీ తెలిసిందే. 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్లతో మొదలైన ఫీజు ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. అప్పటి నుంచి చాలామంది కుటుంబాలను ఇంటికి పంపేశారు. కొందరు తామూ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతున్నారు. ఫైనల్ ఎగ్జిట్ వీసా పడ్డాక దేశం విడవడానికి 60 రోజులే గడువు. ఆ 60 రోజుల్లో పదేళ్ల సంసారాన్ని అమ్ముకోవాలి.

ఈసారి అలా వెళ్తున్న ఒక మిత్రుడికి నేనే ప్రకటన రాసి పెట్టాను. ఆయనది జగిత్యాల వైపు. వాషింగ్ మెషిన్ గురించి రాస్తుంటే, "డ్రమ్ము తిరిగేటప్పుడు కొంచెం మోత వస్తది, అది గూడ రాయాల్నా?" అని అడిగాడు. "ఎందుకన్నా, రేటు పడిపోతుంది, పాత మిషన్ అంటే మోత ఉండదా ఏంటి?" అన్నాను నేను. రాయలేదు. పాట 420 రియాళ్ల దాకా పోయింది. మూడో రోజు కొన్నాయన ఫోన్ చేశాడు. కోనసీమ మనిషి, మర్యాదగానే మొదలుపెట్టాడు: "ఏవండీ, మిషన్ గదంతా నడుస్తోందండీ. ఈ మోత మీకు ముందే తెలుసు కదండీ?" డబ్బు వెనక్కి ఇమ్మన్నాడు. మిత్రుడి విమానానికి ఇంకా నాలుగు రోజులు. ఆ డబ్బు అప్పటికే కార్గోకు కట్టేశాడు. గ్రూపులో మాటామాటా పెరిగింది. కొన్నాయనకు అరగంటలో 'గొడవల మనిషి' అని పేరు పడిపోయింది.

ఆ వారమంతా నేను ఆలోచించింది ఒక్కటే. గొడవల మనిషి ఆయనా, మేమా?

ఉనైజాలో ఉండి ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఆగస్టులో సుక్కరీ ఖర్జూరం దిగగానే తెల్లవారుజామున మండీకి వెళ్తే చాలు. ఫజర్ నమాజు అయ్యీ అవ్వకముందే ట్రక్కులు బారులు తీరతాయి. పెట్టెల మూతలు తీసే ఉంటాయి. వేలం పాడే దల్లాల్ రేటు అరుస్తుంటే కొనేవాళ్లు పై వరుస కదిపి కింద ఏముందో చూస్తారు. ఒక పండు నోట్లో వేసుకుంటారు, పక్కవాడికీ ఒకటి ఇస్తారు. చూడటం, రుచి చూడటం, బేరం అన్నీ పాటకు ముందే. అందుకే పాట ముగిశాక మాట ముగుస్తుంది.

మనకు ఇది కొత్తేం కాదు. నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో కుప్ప పోసి కొమ్ము విరిచి చూస్తారు. గుంటూరు మిర్చి యార్డులో తాలు కాయలు వేరు, మేలు కాయలు వేరు. ఆ మాటకొస్తే ఇక్కడి అరబ్బులు వేలాన్ని హరాజ్ అంటారు, మన తెలంగాణ పల్లెల్లో హర్రాజు అంటారు. వాళ్ల దల్లాలే మన దళారి. సరుకు వెనక్కి ఇవ్వడాన్ని వాళ్లు 'రద్ద్' అంటారు, మన 'రద్దు'కు మూలం అదే. మాటలు ఎప్పుడో ఇచ్చిపుచ్చుకున్నాం గానీ పద్ధతి మాత్రం వాట్సాప్‌లోకి వచ్చేసరికి మరచిపోయాం.

సరుకు కింద ఏముందో దాచకూడదన్నది ఈ నేల మీద మతంతో ముడిపడిన నియమం. అంగట్లో ధాన్యం రాశిలో ప్రవక్త చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందనీ, తడిసిన గింజలు జనానికి కనిపించేలా పైనే ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి నిలదీశారనీ హదీసుల్లో ఉంది. ఉనైజా పెద్ద మసీదులో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పి 2001లో కన్నుమూసిన షేక్ మొహమ్మద్ బిన్ సాలిహ్ అల్ ఉసైమీన్ బోధించిన ధర్మశాస్త్రంలో కొన్నవాడు బేరం రద్దు చేసుకునే హక్కులకు ఒక అధ్యాయమే ఉంది. ఇద్దరూ విడిపోయే దాకా ఒక హక్కు, ముందే పెట్టుకున్న గడువుకు ఒక హక్కు, దాచిన లోపం బయటపడితే ఇంకో హక్కు.

ఇప్పటి చట్టం కూడా ఆ దారిలోనే నడుస్తోంది. 2019లో వచ్చిన సౌదీ ఈ-కామర్స్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు సరుకు అందిన 7 రోజుల్లోపు కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. షరతేమిటంటే దాన్ని వాడి ఉండకూడదు. మనసు మారి వెనక్కి ఇస్తే, ముందే వేరేగా ఒప్పుకోకపోతే, ఆ ఖర్చు కొన్నవాళ్లదే. చెప్పి చేయించుకున్న వస్తువులు, పుస్తకాలు, పత్రికల వంటివాటికి ఈ వెసులుబాటు లేదు. డెలివరీ 15 రోజులు మించి ఆలస్యమైతే రద్దు చేసుకోవచ్చు. ఉల్లంఘిస్తే జరిమానా 10 లక్షల రియాళ్ల దాకా వెళ్లవచ్చు. ఇది వ్యాపారంగా అమ్మేవాళ్ల గురించి. ఇంట్లో పాత సామాను ఒకసారి అమ్ముకునే మనలాంటివాళ్లకు 2023 డిసెంబరు 16 నుంచి అమల్లో ఉన్న పౌర లావాదేవీల చట్టం వర్తిస్తుంది. దాని సారాంశం ఇదీ: దాచిన లోపానికి అమ్మినవాడిదే బాధ్యత, కొనేటప్పుడే తెలిసిన లోపానికి కాదు.

ఈ చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. లోపం చెబితే రేటు పడిపోతుందని మిత్రుడికి సలహా ఇచ్చాను. నిజానికి లోపం చెప్పి ఉంటే ఆయనకు చట్టమే అండగా ఉండేది. దాచి ఆ అండ నేనే తీసేశాను.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్లు ఈబే లాంటి సైట్లలో అమ్మేటప్పుడూ ఇదే లెక్క. 'సైటు ఎప్పుడూ కొన్నవాడి పక్షమే' అన్నది వాళ్ల ఫిర్యాదు. అందులో నిజం ఉంది, దానికి కారణమూ ఉంది. ఒకప్పుడు ఈబేలో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఒకరికొకరు చెడ్డ మార్కులు వేసుకునేవాళ్లు. సరుకు బాగాలేదని కొన్నవాడు రాస్తే అమ్మినవాడు కక్షకొద్దీ తిరిగి రాసేవాడు. ఆ భయంతో జనం నిజం రాయడం మానేశారు. అందుకే 2008 మే నుంచి కొన్నవాళ్లకు చెడ్డ మార్కు వేసే వీలు అమ్మేవాళ్లకు తీసేశారు. వస్తువు వర్ణనకు తగ్గట్టు లేకపోతే వాపసు పోస్టేజీ అమ్మినవాళ్లే భరించాలి. ఫిర్యాదు వచ్చాక 3 పని దినాల్లో బదులివ్వాలి. పేపాల్‌లో వివాదం లేవనెత్తడానికి 180 రోజుల దాకా గడువుంది. యూరప్, బ్రిటన్‌లలో వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వెనక్కి ఇవ్వొచ్చు. అమెరికాలో అలాంటి దేశవ్యాప్త చట్టం లేదు, అక్కడ సైటు పెట్టిన నియమాలు, కార్డు కంపెనీ నియమాలే దిక్కు.

ఇన్ని నియమాలూ ఒకే చోట కలుస్తాయి. మండీలో పెట్టె కదిపి చూసే అవకాశం ఆన్‌లైన్‌లో లేదు. ఆ చూపు సరుకు ఇంటికి చేరాకే సాధ్యం. 7 రోజులైనా 14 రోజులైనా ఆ చూపుకు ఇచ్చిన గడువే. అంటే వాపసు అనేది మనకు జరిగిన అవమానం కాదు, ఆలస్యంగా జరుగుతున్న తనిఖీ. ముందు ఎంత చూపిస్తే తర్వాత అంత తగ్గుతుంది.

మరి మోసం చేసే కొనుగోలుదారులు లేరా? ఉన్నారు. న్యూజెర్సీలో ఉండే మా బంధువొకరు ఒక వేలం సైటులో ఫోన్ అమ్మితే, 'పనిచేయడం లేదు' అని వెనక్కి వచ్చిన డబ్బాలో వేరే పాత ఫోన్ ఉంది. ఆయన పంపే ముందే ఐఎమ్‌ఈఐ నంబరు ఫొటో తీసుకున్నాడు, ప్యాక్ చేస్తున్న వీడియో ఉంది, వచ్చిన డబ్బా విప్పుతున్నదీ వీడియో తీశాడు. పోలీసు రిపోర్టు జతచేసి అప్పీలు చేస్తే డబ్బు నిలబడింది. గమనించండి, ఆయన్ని కాపాడింది వాదన కాదు, అమ్మే రోజు తీసుకున్న ఫొటో. నిజాయితీపరుడితో గొడవ రాకుండా చేసేదీ, మోసగాడితో గొడవ గెలిపించేదీ ఒకే పని.

ఇక్కడ ఉన్నవాళ్లకు రెండు జాగ్రత్తలు ప్రత్యేకం. ఒకటి కారు. పేరు మీద బండి ఉంటే ఫైనల్ ఎగ్జిట్ పడదు, ట్రాఫిక్ చలాన్లు కట్టి తీరాలి. 'మీరు వెళ్లండన్నా, తర్వాత మార్చుకుంటా' అనే మాట నమ్మి తాళం చేతిలో పెట్టవద్దు. అబ్షర్‌లో యాజమాన్యం మారిన తర్వాతే బండి ఇవ్వండి. రెండోది, సొంత సామాను అమ్ముకోవడం వేరు, ప్రతి వారం కొని అమ్మడం వేరు. లైసెన్సు లేకుండా ఇంకొకరి పేరు మీద నడిపే వ్యాపారానికి 2020 నాటి తసత్తుర్ చట్టం కింద 5 ఏళ్ల జైలు, 50 లక్షల రియాళ్ల జరిమానా దాకా శిక్ష ఉంది. ప్రవాసులను ఆపై దేశం నుంచి పంపేస్తారు. 'చిన్న సైడ్ బిజినెస్సే కదా' అనే వాపసు గొడవ ఒకటి పోలీసు ఫిర్యాదు దాకా పోతే, ముందు తేలేది ఆ వ్యాపారం ఎవరిదన్న సంగతే.

నా అనుభవంలో పనికొచ్చినవి చెబుతాను. ప్రకటనలో మొదటి వాక్యమే లోపం రాయండి, గీతలున్న చోట దగ్గరగా ఫొటో తీయండి. కరెంటు వస్తువైతే నడుస్తున్న వీడియో శబ్దంతో సహా పెట్టండి. సామాను అప్పగించేటప్పుడు వాళ్ల ముందే నడిపి చూపించి, 'చూసి తీసుకున్నాను' అని ఒక మెసేజ్ పెట్టించుకోండి. పరీక్షించుకోవడానికి రెండు రోజులు గడువని మీరే ముందు చెప్పండి. విమానానికి కనీసం వారం ముందే పాట ముగించండి, గడువు పూర్తయ్యే దాకా ఆ డబ్బు ముట్టకండి.

ఫిర్యాదు వచ్చాక గ్రూపులో కాదు, విడిగా మాట్లాడండి. ముందు వీడియో అడగండి, తర్వాత మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి: ఇది నాకు ముందే తెలుసా? తెలిస్తే డబ్బు వెనక్కి ఇవ్వండి లేదా తగ్గించండి. తెలియని లోపమైతే సగం సగం మాట్లాడుకోండి. మనసు మారిందంతే అయితే, వస్తువు వాడకపోతే, వెనక్కి తెచ్చే ఖర్చు వాళ్లది పెట్టి తీసుకోవచ్చు, ఇష్టం లేకపోతే మర్యాదగా కాదనవచ్చు. బెదిరింపు అనిపిస్తే మాటలు ఆపి ఆధారాలు దాచుకోండి. సైటులో అమ్మితే మాటలన్నీ సైటులోనే ఉండనివ్వండి, డబ్బు బయట పంపకండి. పొరపాటున ఎక్కువ పంపాను, తేడా తిరిగి పంపమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది కొనుగోలు కాదు, దోపిడీ.

వాషింగ్ మెషిన్ సంగతి మిగిలింది. నేను కోనసీమ ఆయన ఇంటికి వెళ్లి, మోత ముందే తెలుసనీ, రాయవద్దన్నది నేనేననీ చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "ఆ మాట ముందే చెప్తే 300కి నేనే తీసుకునేవాణ్ణి కదండీ" అన్నాడు. 120 రియాళ్లు నా జేబులోంచి ఇచ్చాను. రిపేరు అతను వచ్చి కింద రబ్బరు కాళ్లు మార్చి పోయాడు. గ్రూపులో ఆయన మీద పడిన పేరు తీయడానికి నేను రాసిన నాలుగు వాక్యాలు మాత్రం ఎంతమంది చదివారో తెలియదు. తిట్టు చదివినంత మంది క్షమాపణ చదవరు.

మిత్రుడు అనుకున్న రోజుకే ఊరు చేరాడు. మొన్న ఇంకొకరు ప్రకటన రాసి పెట్టమని వచ్చారు. కాగితం తీసి మొదటి ప్రశ్న అడిగాను: "అన్నా, దీనికి ఏం రోగముందో ముందు అది చెప్పు."