ఆశ్రమాన్ని తనిఖీ చేసేదెవరు?

వృద్ధాశ్రమం వార్త వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు కొడుకుల కర్కశత్వం దగ్గరే ఆగిపోతాయి. పక్కన బాక్సు కట్టి శుభ్రత చూడండి, భోజనం రుచి చూడండి అని నాలుగు సలహాలు పడేస్తాయి. పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని ఎక్కడ ఉంచాలో తెలియక మదనపల్లె, పుంగనూరు మధ్య తిరుగుతున్న కూతురికి అవి ఎందుకు పనికొస్తాయి? తాను చూసే హోం ఏ చట్టం కింద నడుస్తోందో ఆమెకు చెప్పేవాడే లేడు.

మన ఊళ్ల నర్సింగ్ హోంల సంగతి తేలికే. 2002 నాటి రాష్ట్ర చట్టం కింద ప్రైవేటు వైద్య సంస్థలన్నీ రిజిస్టర్ కావాలి. కానీ అవి రోగిని నయం చేసి పంపేవి, ఏళ్ల తరబడి ఉంచుకునేవి కావు. ముక్కు గొట్టంలో జావ పోయడం, రెండు గంటలకోసారి పక్క మార్చడం, పడక పుండ్లు కడగడం జరిగేది మామూలు ఇళ్లలాంటి భవనాల్లో. అడిగితే సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారు. సంఘం ఉందనడానికే అది రుజువు, రాత్రిపూట నర్సు ఉందనడానికి కాదు.

ఈ లోటు తీర్చాల్సిన వయోవృద్ధుల చట్ట సవరణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది. హోంలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు అందులో ఉన్నాయి. 17వ లోక్‌సభతోపాటే అదీ మురిగిపోయింది. ఇక రాష్ట్రం చేతులు కట్టేసినట్టేనని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను.

2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ చదవండి. మొదటి ఉపసెక్షన్ నిరుపేదల కోసం: జిల్లాకు కనీసం ఒక ఆశ్రమంతో మొదలుపెట్టి, ఒక్కోదానిలో 150 మందికి తక్కువ కాకుండా చోటు. రెండోది ఆశ్రమాల నిర్వహణకు పథకం నిర్దేశించే అధికారాన్ని రాష్ట్రానికిస్తుంది. వైద్య సేవలు, ప్రమాణాలు అందులోకే వస్తాయి. ఇది సర్కారు ఆశ్రమాలకేనని ఒక వాదన ఉంది. రెండు ఉపసెక్షన్లూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి దానికీ కొంత బలముంది. కానీ రెండోదానిలో నిరుపేదల మాట లేదు, సర్కారు ఆశ్రమాలకే అన్న మాటా లేదు. సంక్షేమ చట్టాన్ని సంకుచితంగా చదివి, నెలనెలా డబ్బు కట్టే ముసలివాళ్లను దిక్కులేనివాళ్లను చేయడం న్యాయం కాదు.

కుప్పం వాళ్లు బెంగళూరు హోంల వైపు చూడటం మామూలే. సరిహద్దు దాటితే పిల్లల నుంచి పోషణ పొందే హక్కు పోతుందన్న భయం అనవసరం. 6వ సెక్షన్ ప్రకారం చివరిగా నివసించిన జిల్లాలోనూ, పిల్లలున్న జిల్లాలోనూ పోషణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఈ చట్టం కింది ట్రిబ్యునల్ ఇప్పించగలిగేది నెలకు 10,000 రూపాయలు మించదు. రాత్రీపగలూ మనిషిని పెట్టే హోంకు అది చాలడం కష్టం.

పిల్లలకు ఆస్తి రాసిచ్చి హోంకు వెళ్లేవారికి ఒక్క మాట. వాళ్లు చూడకపోతే ఆస్తి తిరిగి అడగగలిగేలా పోషణ షరతును దస్తావేజులోనే రాయించండి. 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు పట్టుబట్టింది ఆ షరతు గురించే. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ తీర్పు కాస్త ఉదారంగా ఉన్నా, దాన్ని నమ్ముకుని నోటిమాటతో సరిపెట్టుకోకండి.

ప్రమాణాల కోసం మరో బిల్లు దాకా ఆగనక్కర్లేదు. రాష్ట్రం 2011లో చేసిన నిబంధనలను సవరించి, డబ్బు తీసుకునే ప్రతి ఆశ్రమాన్నీ సబ్ కలెక్టర్, ఆర్డీఓల తనిఖీ కిందికి తేవాలి. ఆ అధికారం 19(2)లో ఉంది; ప్రభుత్వం వాడాలి.