శిక్షణ పేరిట వెట్టి

మెదక్ జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి మొన్న మా ఆఫీసు మెట్లెక్కాడు. కూర్చోగానే అరచేయి చాపాడు. బొటనవేలు మొదట్లో కాయ. చెన్నై శివార్లలోని ఒక కార్ల కర్మాగారంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ముగించుకొచ్చిన చేయి అది. "అన్నా, మా నాయిన చేతులకు నాగలి కాయలుంటయి. నాకు గవి ఉండొద్దనే చదివిచ్చిండు. ఆఖరుకు నాకూ కాసినయి" అని నవ్వాడు.

చేతికి కాయ కాయడం తప్పు కాదు. మసి అంటని ఇంజనీరు ఎవరికీ పనికిరాడు. కానీ ఆ కాయకు బదులుగా మా పిల్లవాడికి ఏం దక్కింది? మా ప్రశ్న అది.

కార్ల కర్మాగారంలో 'టాక్ట్ టైం' అనే లెక్క ఒకటుంది. షిఫ్టులో పని జరిగే సమయాన్ని, ఆ షిఫ్టులో తయారు కావాల్సిన కార్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే టాక్ట్. 450 నిమిషాల్లో 450 కార్లు కావాలంటే, కారుకు ఒక్క నిమిషం. లైన్ పొడుగునా నిలబడ్డ ప్రతి మనిషీ ఆ నిమిషంలోనే తన పని ముగించాలి. మన విద్యార్థి పని నాలుగు బోల్టులు బిగించడం. టార్క్ గన్ ఎత్తు, బిగించు, రంగు పెన్నుతో గుర్తు పెట్టు, పక్కకు జరుగు. మళ్లీ కారు. షిఫ్టుకు నాలుగు వందల పైచిలుకు సార్లు. మూడు రోజుల్లో పని చేతికొచ్చింది. మిగిలిన ఐదు నెలల ఇరవై ఏడు రోజులు అతను నేర్చుకున్నదేమిటి?

అతనికి తెలుసుకోవాలని ఉండె. బోల్టును అంతే బలంతో ఎందుకు బిగించాలి? వదులైతే కుదుపులకు ఊడుతుంది, మించితే సాగి తెగుతుంది. మరి ఆ అంకెను ఎవరు, ఏ లెక్కతో నిర్ణయిస్తారు? బాడీ షాపులో రోబోలు వేసిన స్పాట్ వెల్డింగ్ నిలుస్తుందో లేదో ఎట్లా పరీక్షిస్తారు? కారు దేహాన్ని మొత్తంగా తొట్టిలో ముంచి, కరెంటుతో తుప్పు పట్టని పూత ఎట్లా ఎక్కిస్తారు? అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే: "లైన్ ఆగుతుంది, గన్ పట్టు." అతనికి నిజంగా విద్య నేర్పింది పక్కన నిలబడ్డ ఒడిశా కాంట్రాక్టు కార్మికుడు. బోల్టు సరిగ్గా కూర్చుందో లేదో గన్ చప్పుడును బట్టే చెప్పగలడట. ఆ గురువుకు డిగ్రీ లేదు, పర్మినెంటూ లేదు.

నాలుగో నెలలో గన్ జారి వేలు చితికింది. కట్టు కట్టారు, మూడు రోజులు రావద్దన్నారు, ఆ మూడు రోజుల డబ్బు కోశారు. అడిగితే కంపెనీ "నువ్వు మా కార్మికుడివి కాదు, విద్యార్థివి" అంది. కాలేజీకి ఫోన్ చేస్తే "అక్కడ జరిగినదానికి మాకేం సంబంధం" అన్నారు. లైన్ మీద నిలబెట్టేటప్పుడు కార్మికుడు, లెక్క అడిగేటప్పుడు విద్యార్థి! రెంటికి చెడ్డ రేవడి అంటే ఇదే.

చట్టం ఏమంటున్నది? 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమేనని, కార్మికుడు కాడని చెబుతుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కూడా అతణ్ణి కార్మికుడి నిర్వచనానికి బయటే ఉంచాయి. అయినా ఆ పాత చట్టంలో కొంత రక్షణ ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉండాలి, దాన్ని నమోదు చేయాలి. శిక్షణలో గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలి. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేనిదే ఓవర్‌టైం చేయించరాదు. 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. కానీ ఆ ఒప్పందమే లేకుండా, కాలేజీ ఇచ్చిన ఒక్క ఉత్తరంతో గేటు లోపలికి పోయిన ఇంటర్న్‌కు ఈ పాటి నీడ కూడా దొరకదు.

కాలేజీల సంగతి చెప్పనక్కరలేదు. 2018లో ఏఐసీటీఈ తన నమూనా పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే. ఆచరణలో అదొక కాగితమైంది. డబ్బున్న పిల్లవాడు అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కుంటాడు. నిజంగా నేర్చుకుందామని పోయిన పేదపిల్లవాడు లైన్ మీద చిక్కుకుంటాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివినవాడికి హాస్టల్ కిరాయి, రైలు చార్జీలు ఎక్కడివి? తండ్రి పంట అప్పులోవే. ఆరు నెలల్లో ఒక్క లెక్చరర్ కూడా ఆ గేటు దాకా పోయి మా పిల్లవాడు ఏం చేస్తున్నాడని అడగలేదు.

ఇది ఒక్క చెన్నై కథ కాదు. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి. సదాశివపేటలో టైర్లు తయారవుతున్నాయి. రేపు ఇంకెన్నో వస్తాయంటున్నారు, రానీయండి. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. నియామకాలంటే సర్కారు కొలువులే కాదు. మన భూమిలో లేచే ప్రతి కర్మాగారంలో మన పిల్లలు ఏ హోదాలో అడుగుపెడతారన్నది కూడా ఆ మాటలో భాగమే. భూములు, కరెంటు, పన్ను రాయితీలు ఇచ్చే సర్కారు ఒక షరతు పెట్టలేదా? విద్యార్థి, కాలేజీ, కంపెనీ ముగ్గురి సంతకాలతో ఒప్పందం ఉండాలి. ప్రెస్ షాపు నుంచి తనిఖీ విభాగం దాకా అన్ని విభాగాలూ తిప్పి చూపించాలి. బీమా ఉండాలి. నెలకోసారి లెక్చరర్ పోయి చూసి రావాలి. ఇందులో ఏ ఒక్కటీ గొంతెమ్మ కోరిక కాదు.

సర్కారు కదిలేదాకా మన జాగ్రత్త మనది. ఇంటర్న్‌షిప్‌కు బయలుదేరే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బస్సెక్కే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నాకు నేర్పేదెవరు? దెబ్బ తగిలితే జవాబుదారీ ఎవరు? ఇదంతా ఏ కాగితం మీద ఉంది? మూడింటికీ జవాబు రాకపోతే సంతకం పెట్టకండి. ఒక్కరుగా అడిగితే "వేరే వాణ్ణి చూసుకుంటాం" అంటారు. క్లాసు క్లాసంతా కలిసి అడిగితే ప్రిన్సిపాల్ కుర్చీలోంచి లేస్తాడు.