గడ్డి సంచీ, ఇంగ్లీషు పుస్తకం, "వీళ్ళకి చెప్పినా అర్థం కాదు సార్"

ముందే చెప్పేస్తున్నా, ఈ టపాలో అరకు అందాలేమీ ఉండవు. బొర్రా గుహలు, వలిసె పూలు, బొంగులో చికెన్ గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాటికోసం అటు వెళ్ళండి. ఇది గడ్డి కోసే మిషను గురించి, దాని వెనకాల తగిలించే సంచి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ సంచి తగిలించకపోవడం ఎవరి తప్పు అన్నదాని గురించి.

కిందటి నవంబర్లో మా టీం వాళ్ళం అరకు వెళ్ళి ఒక రిసార్టులో దిగాం. పేరు చెప్పను. పేరుతో పని లేదు కూడా, ఎందుకంటే ఇదే కథ మీ అపార్ట్‌మెంట్ పార్కులోనూ జరుగుతూ ఉండొచ్చు. పొద్దున్న ఏడింటికి, పొగమంచు ఇంకా విడవకముందే, టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చా. లాన్లో ఒకతను మోవర్ తోస్తున్నాడు. పెట్రోల్ మిషను, మన దగ్గర ఇళ్ళలో వాడే చిన్నదానికంటే కాస్త పెద్దది. వెనకాల సంచి లేదు. సంచి లేనప్పుడు ఆ కన్నాన్ని మూసి ఉంచాల్సిన మూత, పైకెత్తి బైండింగు వైరుతో హ్యాండిల్‌కి కట్టేసి ఉంది. హ్యాండిల్ మీద ఒక లీవర్ ఉంటుంది, వదిలేస్తే ఇంజను ఆగిపోవాలి. అదీ సైకిల్ ట్యూబు ముక్కతో బిగించేసి ఉంది. కాళ్ళకి హవాయి చెప్పులు. కుడికాలి పిక్క మీద గుడ్డతో కట్టిన కట్టు.

నేను చూస్తుండగానే ఒక రాయి వచ్చి పక్కనున్న రేకు డబ్బాకి ఠంగుమని తగిలింది. అతను తల కూడా తిప్పలేదు. అలవాటైపోయింది మరి.

మేనేజరుగారిని అడిగా. ఆయన నవ్వేసి అన్నమాటే పైన హెడ్డింగు. "సంచి ఉంది సార్, కొన్నప్పుడే ఇచ్చారు. కట్టరు. వీళ్ళకి చెప్పినా అర్థం కాదు సార్." మావాళ్ళలో ఒకడు కూడా తలూపాడు, "ఎంత చెప్పినా అంతేరా, వీళ్ళ మైండ్‌సెట్" అన్నాడు. అక్కడ ఒళ్ళు మండింది నాకు. ఆ మంటే ఈ టపా.

సరే, "చెప్పినా" అన్నారు కదా, ఏం చెప్పారో చూద్దామని స్టోర్ రూముకెళ్ళా. సంచి ఉంది, ప్లాస్టిక్ కవర్లోంచి తీయను కూడా లేదు. ఇనప కడ్డీల ఫ్రేము విడిగా, గుడ్డ సంచి విడిగా. దాంతోపాటు ఒక పుస్తకం. మొదట ఇంగ్లీషు, తర్వాత మరో నాలుగైదు యూరప్ భాషలు. తెలుగు లేదు. ఒరియా లేదు. హిందీ కూడా లేదు. ఆ లాన్ తోస్తున్నాయన ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా, బయట తెలుగు. ఇదీ వీళ్ళు "చెప్పింది".

నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో పడ్డవాణ్ణి. సంచి నేనే బిగిస్తానని కూర్చున్నా. ముందు ఇంజను ఆపించి, చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్గు వైరు పీకా. (ఇది చాలామంది చెయ్యరు. ప్లగ్గు వైరు ఉండగా బ్లేడుని చేత్తో తిప్పితే ఇంజను అందుకునే ప్రమాదం ఉంది.) కడ్డీల్ని సంచిలోకి దూర్చి, అంచున ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు ఒక్కొక్కటీ కడ్డీకి నొక్కా. మూత ఎత్తి, కొక్కేలు తగిలించి, మూత వదిలా. ఘనంగా లేచి నిలబడ్డా. మూత సరిగ్గా కూర్చోలేదు, పక్కన రెండు వేళ్ళు పట్టే సందు.

పుస్తకం మళ్ళీ తిరగేస్తున్నా. అతను సంచి వైపు కాసేపు చూసి, "ఈ పక్క గట్టిగా ఉంది కద బాబూ, ఇది నేల వైపు రావాలేమో" అన్నాడు. అంతే. సంచిని తలకిందులుగా తొడిగింది నేను. ఇంగ్లీషు వచ్చి, డిగ్రీ ఉండి, బొమ్మలు చూస్తూ చేసింది నేను. పుస్తకం చదవకుండా పట్టుకున్నది అతను. ఇప్పుడు చెప్పండి, ఎవరికి అర్థం కాదో.

రెండోసారి సరిగ్గా కూర్చుంది. మొత్తం పాతిక నిమిషాలు. మిషను కొన్ననాడు ఎవరో ఒకరు ఈ పాతిక నిమిషాలు ఖర్చుపెట్టి ఉంటే ఆ పిక్క మీద కట్టు ఉండేది కాదు.

"చిన్న రాయికి ఇంత గోలా" అనేవాళ్ళకి కొంచెం లెక్క. 46 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 2,800 సార్లు తిరుగుతోందనుకోండి. బ్లేడు చివర వేగం సెకనుకి దాదాపు 67 మీటర్లు, అంటే గంటకి 240 కిలోమీటర్లు. దానికి తగిలిన గులకరాయి ఎంత జోరుగా బయటికొస్తుందో మీరే ఊహించుకోండి. మూత ఎత్తి కట్టేస్తే ఆ దారి తిన్నగా తోసేవాడి కాళ్ళ మీదికే ఉంటుంది. సంచి గడ్డి పట్టడానికే కాదు, రాళ్ళు పట్టడానికి కూడా. అందుకే చిరిగిన సంచి, మాసికేసిన సంచి, లేని సంచి మూడూ ఒకటే. సంచి తీస్తే మూత తప్పకుండా పడాలి. రెండూ లేకుండా మిషను నడపకూడదు. ఇంతే రూలు, దీనికి పుస్తకమంతా అక్కర్లేదు.

మరి ఇంత తెలివైనవాడు మూత ఎందుకు కట్టేశాడు? అడిగా. అడిగితే చెప్తారండీ, మనమే అడగం.

"తొమ్మిదింటికి గెస్టులు ఫొటోలకొస్తారు, ఆలోపు అయిపోవాల. పొద్దున్న గడ్డంతా తడి. మూతేస్తే లోపల ముద్దకట్టేస్తాది. లీవర్ వదిల్తే ఇంజన్ ఆగిపోద్ది, మళ్ళీ తాడు లాగాల. ఎన్నిసార్లని లాగుతాం?"

ఇందులో తెలివితక్కువతనం ఎక్కడుంది? తడిగడ్డి సంచిలోకి ఎగరదు, కన్నం దగ్గరే ముద్దకడుతుంది. కట్టినప్పుడల్లా లీవర్ వదలాలి, బ్లేడు ఆగేదాకా ఆగాలి, ప్లగ్గు వైరు తీయాలి, కర్రతో (చేత్తో కాదు!) ముద్ద తియ్యాలి, మళ్ళీ తాడు లాగాలి. గంటన్నరలో అయ్యే పని మూడు గంటలు పడుతుంది. ఇచ్చింది రెండు గంటలు. మిగతా గంట ఎక్కణ్ణించి తేవాలి? తన కాలి పిక్కలోంచి తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలియాలి. డెడ్‌లైన్ ముందురోజు టెస్టులు కామెంటు చేసేసి బిల్డు పంపినవాళ్ళం మనం. మన బగ్గుకి ఎవరి కాలూ తెగదు కాబట్టి మనది "ప్రెషర్", అతనిది "మైండ్‌సెట్".

అసలు మందు కూడా అక్కడే ఉంది. లాన్ పొద్దున్న కాదు, మధ్యాహ్నం గడ్డి ఆరాక కొయ్యాలి. గెస్టులు బొర్రా చూడ్డానికి పోయినప్పుడు. పైసా ఖర్చు లేదు. మేనేజరుగారికి ఇది చెప్తే "ఆలోచిస్తాం సార్" అన్నారు. చేశారో లేదో తెలీదు.

మనుషుల మంచితనాన్ని నమ్ముకోకుండా మిషన్నే మార్చిన దేశాలున్నాయి. అమెరికాలో 1982 నుంచి, ఇళ్ళకోసం అమ్మే తోసే మోవర్లలో లీవర్ వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలని రూలు. అక్కడివాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళని కాదు. వాళ్ళూ చేతులు పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళే, అందుకే రూలొచ్చింది. మన దగ్గరా నూర్పిడి యంత్రాల్లో చేతులు పోయి పోయి చివరికి 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం చేశారు. అంటే ఈ దేశానికి విషయం తెలియక కాదు. నూర్పిడి యంత్రం దగ్గర ఒకసారి అర్థమైన సంగతి ప్రతి కొత్త మిషను దగ్గరా మళ్ళీ రక్తంతోనే నేర్చుకోవాలా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే విషయం రిసార్టు లాన్‌తో ఆగదు. కొండల్లో ఇప్పుడు భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్లు వస్తున్నాయి. సిల్వర్ ఓక్ నీడన పెరిగే కాఫీ తోటల్లో కలుపు తియ్యడం నడ్డి విరిగే పని, మిషను వస్తే మంచిదే. వరి కోసి ఒక పక్కకి వరసగా పడేసే తొడుగులు కూడా వాటికి దొరుకుతాయి. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో గిరిజన రైతులకి సగం దాకా రాయితీ పెట్టారు. సంతోషం. కానీ రాయితీ మిషనుకి. కళ్ళద్దాలకి? బూట్లకి? బ్లేడు ముందుండే గార్డు ఎందుకు విప్పకూడదో ఒక పూట కూర్చోబెట్టి చెప్పేవాడికి? మోవర్లో బ్లేడు కనీసం ఒక డబ్బాలో ఉంటుంది, బ్రష్ కట్టర్లో బయటే తిరుగుతుంది. కొండవాలు మీద, రాళ్ళమధ్య, చెప్పుల కాళ్ళతో.

ఈ జనానికి గడ్డి గురించి మనం పాఠాలు చెప్పక్కర్లేదు. మనిళ్ళల్లో వాడే కొండ చీపుర్లు వాళ్ళు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టినవే. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో అవీ ఉన్నాయి. కొడవలి ఎలా పట్టాలో వాళ్ళకి అమ్మానాన్నా నేర్పారు. మోవర్ పట్టడం నేర్పడానికి అమ్మానాన్నలకి మోవర్ తెలీదు. నేర్పాల్సింది అమ్మినవాడు, కొన్నవాడు, జీతమిచ్చేవాడు. ఆ ముగ్గురూ తప్పుకుని "చెప్పినా అర్థం కాదు" అంటే, అది వాళ్ళ అజ్ఞానం కాదు, వీళ్ళ బద్ధకం.

భాష సాకు కూడా చెప్పకండి. ఉమ్మడి రాష్ట్రంలోనే కువి, కొండ, ఆదివాసీ ఒరియా భాషల్లో చిన్న పిల్లలకి పాఠ్యపుస్తకాలు వేశారు. బడికి పుస్తకం వెయ్యగలిగినవాళ్ళం మిషనుకి ఒక కాగితం వెయ్యలేమా? అక్షరాలు కూడా అక్కర్లేదు, ఆరు బొమ్మలు చాలు. ఇంజను ఆపు. ప్లగ్గు వైరు తియ్యి. సంచి గట్టి పక్క కిందికి. మూత సంచి మీద కూర్చోవాలి, సందు ఉండకూడదు. ముద్దకడితే కర్ర, చెయ్యి కాదు. వాలు మీద అడ్డంగా తోయి, పైకీ కిందికీ కాదు. ఆ రోజు సాయంత్రం ఈ ఆరూ ఒక అట్టముక్క మీద గీసి స్టోర్ రూము గోడకి అంటించి వచ్చా. నా బొమ్మలు ఘోరం, అయినా అతనికి వెంటనే అర్థమయ్యాయి :)

"మీరు ఓవర్ చేస్తున్నారు, కూలీపని అన్నాక దెబ్బలు మామూలే" అనేవాళ్ళు వస్తారని తెలుసు. మామూలే అనేది ఎప్పుడూ దెబ్బ తగలనివాడేనండీ. మీ ఆఫీసు కుర్చీ ఎత్తు సరిగ్గా లేదని నడుం నొప్పొస్తే ఎర్గోనామిక్స్ టీంకి టికెట్ వేస్తారు. అతను ఎవరికి వెయ్యాలి టికెట్?

"మిషన్లు మానేసి కొడవళ్ళే పట్టిద్దాం" అనే ప్రకృతి ప్రేమికులకి ఒక నమస్కారం. ఎండలో వంగి కొయ్యాల్సింది మీరు కాదు కాబట్టి అది అందంగా కనిపిస్తుంది. మిషను రావాలి. దాని మూతతో సహా, సంచితో సహా, చెప్పే మనిషితో సహా రావాలి.

రేపు కిందికి దిగి మీ అపార్ట్‌మెంట్ లాన్ మిషను ఒకసారి చూడండి. సంచి ఉందా, మూత పడుతోందా, లీవర్ ఎవరైనా కట్టేశారా. కట్టేసి ఉంటే తోటపని చేసే ఆయన్ని తిట్టకండి. ఎందుకు కట్టాల్సొచ్చిందని అడగండి. జవాబు చాలావరకు మీ అసోసియేషన్ పెట్టిన టైంటేబుల్లోనే దొరుకుతుంది.