కడుపు నొప్పికి గంజాయి మందట!

గంజాయి ఇక మత్తు కాదు, మందు అంటున్నారు. ఏళ్ల తరబడి వదలని కడుపు నొప్పికి నాలుగు చుక్కల నూనె చాలంటున్నారు. మందయ్యాక పంట కాకుండా ఎక్కడికి పోతుంది, ఎకరాకు లక్షల్లో మిగులుతుంది, ముందుగా దిగినవాడిదే లాభం అంటూ ఫోన్లలో ఊదరగొడుతున్నారు. ఈ రాగం మనకు కొత్తది కాదు. జత్రోఫా అప్పుడు ఇదే విన్నాం. సఫేద్ ముస్లి అప్పుడు విన్నాం. ఈము పక్షులప్పుడైతే షెడ్లు కూడా వేసుకున్నాం. పిల్లలనమ్మినవాడు బాగుపడ్డాడు, పెంచినవాడు మునిగాడు. కాబట్టి ఈసారి లెక్క ముందే అడుగుదాం.

మొదట రోగి సంగతి. లోపలి అవయవాల నొప్పి కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు ఉండదు. క్లోమం చెడితే నొప్పి వెన్నులోకి పొడుచుకుపోతుంది, పిత్తాశయంలో రాయి ఉంటే కుడి భుజం లాగుతుంది. ఇక్కడే అని వేలు పెట్టి చూపించలేరు. పేగుల నరాల మీద గంజాయిలోని పదార్థాలు పనిచేసే గ్రాహకాలు ఉన్నాయి. అందుకే శాస్త్రవేత్తలకు దీనిమీద ఆసక్తి. అది తప్పేమీ కాదు. 1839 నాటికే కలకత్తాలో ఓషానెస్సీ అనే వైద్యుడు ఈ మొక్కను రోగుల మీద పరీక్షించి రాశాడు.

అయితే ఆసక్తి వేరు, రుజువు వేరు. నెదర్లాండ్స్‌లో క్లోమం వాపు వల్లో, ఆపరేషన్ తర్వాతో కడుపు నొప్పి వదలని 65 మందిని తీసుకుని, కొందరికి గంజాయిలోని మత్తు పదార్థమైన టీహెచ్‌సీ మాత్రలు, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. 2017లో ఫలితం అచ్చయింది: నొప్పి తగ్గడంలో రెండింటికీ తేడా లేదు. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2021లో, నొప్పికి గంజాయి మందులను సాధారణంగా వాడటాన్ని తాము సమర్థించలేమని, అందుకు తగ్గ రుజువులు లేవని ప్రకటించింది. పైగా గంజాయిని ఏళ్ల తరబడి బాగా వాడినవాళ్లలో కొందరికి ఆగని వాంతులూ కడుపు నొప్పీ వస్తాయి. నొప్పికి మందన్నది నొప్పినే తెచ్చిపెడుతుందన్నమాట. కొన్ని రకాల మూర్ఛలకు, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు ఈ మొక్క పదార్థాలతోనో, వాటిని పోలిన రసాయనాలతోనో చేసిన మందులకు కొన్ని దేశాలు అనుమతి ఇచ్చిన మాట నిజం. దాన్ని మేం కాదనడం లేదు. ఆ పేరు చెప్పి కడుపు నొప్పి సీసా అమ్మడాన్నే కాదంటున్నాం.

ఇక పంట సంగతి. ఇక్కడ మోసం ఇంకా నున్నగా ఉంది. 2018లో ఉత్తరాఖండ్ లైసెన్సు మీద సాగుకు అనుమతించింది నార, గింజల కోసం వేసే జనపనార రకాన్ని. అందులో టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు. నొప్పికి మందుగా వీళ్లు ఊరిస్తున్నది టీహెచ్‌సీ ఉన్న గంజాయిని. రెండూ ఒకే జాతి మొక్కలు గనుక ఒకదాని లైసెన్సు చూపించి ఇంకోదాని ధర చెబుతున్నారు. మందు కోసం పరిశోధన జమ్మూలో కేంద్ర ప్రభుత్వ సంస్థ క్షేత్రంలో, ఒక కెనడా కంపెనీతో కలిసి, కాపలా మధ్య జరుగుతోంది. అందులో రైతు ఎక్కడున్నాడు? రేపు మందు నిజంగానే వచ్చినా పేటెంటు కంపెనీది, పొలం కూడా కంపెనీదే కావచ్చు.

మరి చట్టం? 1985 నాటి మత్తు పదార్థాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటిన సరుకుతో దొరికితే పదేళ్లకు తక్కువ శిక్ష లేదు, బెయిలు దొరకడం గగనం. ఈ చట్టం రుచి విశాఖ మన్యం ఎరుగును. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో కొండల మీద వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. విత్తనమూ పెట్టుబడీ ఇచ్చిన వ్యాపారి ఏ పట్నంలోనో ఉన్నాడు. జైళ్లలో ఉన్నది చెట్టు పెంచిన గిరిజనుడు, మూట మోసిన కూలి. కాఫీకీ, పసుపుకీ, రాజ్మాకీ గిట్టుబాటు ధర దొరికి ఉంటే ఆ మొక్క జోలికి ఎందరు పోయేవారు? గంజాయి ఇప్పుడు ఔషధమని మురిసిపోతున్నవాళ్లు ఆ కుటుంబాల ఊసు ఒక్కటీ ఎత్తరు.

మాకు అన్నిటికన్నా మంట పుట్టించే విషయం ఇంకొకటి. కడుపు నొప్పి అనే మాటకు రైతు కుటుంబాల్లో వేరే చరిత్ర ఉంది. 'కడుపు నొప్పి తాళలేక పురుగుల మందు తాగి' అన్న వాక్యం మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు? అప్పుల రైతు చనిపోతే కాగితాల మీద రాసుకోవడానికి సుళువైన కారణం అది. అప్పు అని రాస్తే పరిహారం ఇవ్వాలి. కడుపు నొప్పి అని రాస్తే ఎవరూ ఎవరికీ బాకీ లేదు.

అలా అని ఆ నొప్పి అంతా అబద్ధమనీ కాదు. నిజంగానే నొప్పితో మెలికలు తిరిగేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. స్కానింగుకు పట్నం పోవాలంటే ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు, పరీక్షల ఖర్చు. అందుకని ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని మర్నాడు నాట్లకు పోతారు. ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. గర్భసంచి చుట్టూ జబ్బు ఉండి నెలనెలా నొప్పితో ముడుచుకుపోయే మనిషికి ఇంట్లో దొరికే మాట 'అందరికీ ఉండేదేగా'. ఆస్పత్రిలో దొరికేది గర్భసంచి తీసేద్దామన్న సలహా. పిత్తాశయంలో రాళ్లు, కడుపులో పుండు, క్లోమం జబ్బు, ఇవన్నీ కనిపెట్టడానికి దారి ఉన్న జబ్బులు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ పనిచేస్తుందని లోకానికంతా తెలుసు. దాని మీద ఆంక్షలు సడలించడానికి 2014లో చట్టమే సవరించారు. మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్ రైతులు లైసెన్సు మీద నల్లమందు పండిస్తున్నారు. అయినా మండల కేంద్రంలో ఒక్క మాత్ర దొరకదు. రుజువైన మందే ఊరికి రానప్పుడు, రుజువు కాని మందు ఎవరి కోసం?

అందుకని సంఘం సభ్యులకు మా మాట ఇది. గంజాయి సాగు పేరుతో ఎవరు అడ్వాన్సు అడిగినా, బాండు రాయమన్నా సంతకం పెట్టవద్దు, ముందు మండల కమిటీకి చెప్పండి. నొప్పి ఉన్నవాళ్లు ఆన్‌లైన్ నూనెల మీద డబ్బు పోయకుండా నొప్పికి కారణం తేల్చుకోండి. వారం దాటిన నొప్పితో ఇంట్లో కూర్చోవద్దు.

ప్రభుత్వాలను మేం అడుగుతున్నదీ స్పష్టమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారంలో ఒకరోజైనా స్కానింగు రావాలి. ఆస్పత్రిలో చేరినవాళ్లకే కాకుండా ఇంటి దగ్గర మందులు వాడుకునే దీర్ఘరోగులకూ ఆరోగ్య పథకాలు వర్తించాలి. ప్రతి ఏరియా ఆస్పత్రిలో మార్ఫిన్ ఉండాలి, ఇవ్వడం తెలిసిన డాక్టరూ ఉండాలి. గంజాయి మీద పరిశోధన చేయదలచుకుంటే ప్రభుత్వ సొమ్ముతో చేసి ఫలితం అందరి ముందూ పెట్టాలి. ఎప్పుడైనా సాగుకు లైసెన్సులిచ్చే రోజు వస్తే మొదటి హక్కు గిరిజన, చిన్న రైతుల సహకార సంఘాలదే కావాలి, కొనే ధర ముందే ప్రకటించాలి. మన్యంలో మొక్క పెంచిన నేరానికి జైళ్లలో మగ్గుతున్న పేద రైతుల కేసులను సమీక్షించాలి. రైతు చనిపోయినప్పుడు కడుపు నొప్పి అని రాసే ముందు ఆ ఇంటి అప్పు కాగితాలు, కౌలు కాగితాలు పరిశీలించి, ఆ వివరాలు కూడా పంచనామాలో చేర్చాలి.