వైద్యవిద్యాప్రవేశము

నల్లరేగడి పల్లెలలో వేసవి వచ్చెననగా ప్రతి యింటను రెండు వార్తలకై ఎదురుచూచుచుందురు. గుంటూరు మిరపయార్డులో నాటి ధర యెంత అనునది మొదటిది. ‘నీట్’ పరీక్షలో బిడ్డకు వచ్చిన మార్కులెన్ని అనునది రెండవది. ఈ రెండింటికిని సంబంధము లేదని పట్టణవాసి తలంపవచ్చును. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల రైతునకు మాత్రము ఆ సంబంధము కరతలామలకము. మార్కులు చాలినచో మిరపకాయలతో పనిలేదు. మార్కులు చాలనిచో ఆ లోటును మిరపకాయలు పూరింపవలెను. మిరపకాయలును చాలనిచో పొలము పూరింపవలెను.

ఎంత పూరింపవలెనో లెక్క చూతము. 2023వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలయందు అయిదు వైద్యకళాశాలలను నెలకొల్పెను. వానిలో రాష్ట్రమునకు చెందిన సీట్లలో నూటికి ఏబదింటికి ఏటికి 15,000 రూపాయలును, ముప్పదియైదింటికి 12 లక్షలును, ప్రవాస భారతీయుల పేరిటి పదునైదింటికి 20 లక్షలును రుసుముగా నిర్ణయించెను. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినపుడు మార్కెట్టు జోక్య పథకము క్రింద కేంద్రప్రభుత్వము క్వింటాలునకు ప్రకటించిన ధర 11,781 రూపాయలు. ఈ ధరకు 12 లక్షలు రావలెనన్నచో అమ్మవలసినది సుమారు నూటరెండు క్వింటాళ్లు. ఎకరమునకు ఇరువది క్వింటాళ్లు పండినవనుకొన్నను, అయిదెకరముల పంట యంతయు ఇందులకే సరి. విత్తనము, ఎరువు, మందు, కోతకూలి, కౌలు, వీనిలో నేదియు తీయక ముందు లెక్క యిది. ఇదియు ఒక్కయేటి ఫీజు మాత్రమే. చదువు నాలుగున్నర యేండ్లు. 2021లో నల్లతామర పురుగు పడి, నిలువునా పైరును పీకివేసికొన్న రైతునకు, నాలుగున్నర యేండ్లు వరుసగా పంట పండుననియు, ధర నిలుచుననియు పూచీపడువారెవరు?

అదే కళాశాలలో ప్రక్కబల్లపై కూర్చుండు విద్యార్థి చెల్లించునది 15,000 రూపాయలు. బోధించు ఆచార్యుడొకడే, చూపబడు రోగి యొకడే, తుదకు లభించు పట్టా యొకటే. మూల్యము మాత్రము ఎనుబదిరెట్లు. కేపిటేషను ఫీజును నిషేధించుచు 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టము చేసెను. విద్య యమ్మకపు సరుకు కాదని నాడు శాసనమున వ్రాసికొన్న రాష్ట్రమే, నలుబది యేండ్ల పిదప, తన సొంత కళాశాలలలో సీటునకు వెలకట్టి చీటి యంటించుట మిక్కిలి శోచనీయము.

ఇట్లని డాక్టరు కావలెనను కోరికను మేము గర్హింపము. ఆ కోరిక వెనుక ఈ సీమ చరిత్ర కలదు. పురుషవైద్యునకు చేయి చూపించుకొనుటకు స్త్రీలు జంకు కాలమున, 1883లో డాక్టరు అన్నా కూగ్లర్ అమెరికానుండి గుంటూరు చేరి, తన శేషజీవితమును ఇచటి తల్లులకును బిడ్డలకును ధారవోసెను. ఆమె పేరిటి ఆసుపత్రిని నేటికిని పల్లెవారు ‘కూగ్లర్ ఆసుపత్రి’ యనియే పిలుచుచున్నారు. తెలుగు బాలుడు పెద్ద వైద్యవిద్య నభ్యసింపగోరినచో మద్రాసు పోవలసిన రోజులు గడచి, 1923లో విశాఖపట్టణమునను, 1946లో గుంటూరునను వైద్యకళాశాలలు వెలసినవి. ప్రత్తి, మిరప, పొగాకు పండించు కుటుంబముల బిడ్డలు నాటినుండి స్టెతస్కోపు ధరించి, దేశదేశములకు పోయిరి. అమెరికాలో స్థిరపడిన పూర్వవిద్యార్థుల విరాళములతో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో భవనములు సైతము లేచినవి. కనుక ఆశ తప్పు కాదు. ఆశను ఏ త్రోవను నడుపుచున్నామన్నదే ప్రశ్న.

మొదట ‘అర్హత’ అను మాట యొక్క అర్థమును తల్లిదండ్రులు గ్రహింపవలెను. 2025లో నీట్ వ్రాసినవారు సుమారు 22 లక్షల 9 వేలమంది. అర్హులైరని ప్రకటింపబడినవారు 12 లక్షల 36 వేలమంది. దేశమందలి ఎం.బి.బి.ఎస్. సీట్లు 2014లో 51 వేలుగ నుండి, పదియేండ్లలో సుమారు 1 లక్ష 18 వేలకు పెరిగినవి. పెరిగినను, అర్హులు పదిమందికి సీటు ఒకటి. వానిలోను సగమునకు సమీపముగ ప్రైవేటు కళాశాలలవి. 2025లో సాధారణవర్గమునకు అర్హతామార్కులు 720కి 144. అనగా నూటికి ఇరువది. నూటికి ఇరువది మార్కులు వచ్చిన ధనవంతుని బిడ్డ యాజమాన్యపు సీటులో చేరవచ్చును. అంతకు రెండింతలు తెచ్చుకొన్న కూలివాని బిడ్డ ప్రభుత్వపు సీటు రాక యింటికి పోవచ్చును. కావున, కన్వీనరు కోటా ఫీజు మాత్రమే చెల్లింపగల కుటుంబమునకు ‘అర్హత వచ్చినది’ అను మాట వలన ఒరుగునదేమియు లేదు. అడుగవలసినది ర్యాంకును, గత సంవత్సరములలో ఏ ర్యాంకువరకు ఏ కళాశాలలో ఏ వర్గమునకు సీటు లభించినదను వివరమును మాత్రమే. విజయవాడయందలి ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము జరుపు రాష్ట్రపు కౌన్సెలింగున ఈ వివరములు ఎల్లరకును లభ్యములు. వానిని చూడక, మధ్యవర్తి మాట నమ్మి బయానా యిచ్చినవాడు చేను చూడకుండ కొన్నవానితో సమానుడు.

ఇక పరీక్షకు సిద్ధపడుట. నూటయెనుబది ప్రశ్నలు, నూటయెనుబది నిమిషములు, తొంబది జీవశాస్త్రమున, నలుబదియైదేసి భౌతిక రసాయనశాస్త్రములందు. సరియైన జవాబునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి తరుగు. ఇందు మర్మమేమియు లేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములను పంక్తి విడువక చదివి, భౌతికశాస్త్రపు లెక్కలను చేతితో చేసి, పూర్వపు ప్రశ్నపత్రములను గడియారము ముందిడుకొని వ్రాసి, తెలియని ప్రశ్నను విడిచిపెట్టు నిగ్రహమును అలవరచుకొనవలెను. 2017నుండి ప్రశ్నపత్రము తెలుగునను లభించుచున్నది. ఐనను వైద్యకళాశాలలో బోధన ఆంగ్లముననే గనుక, తెలుగున చదువుకొన్న బాలబాలికలు శాస్త్రపదములను రెండు భాషలలోను నేర్చుకొనుట మేలు.

ఇంతపాటి పనికి మన సీమలో జరుగుచున్న తతంగమేమి? ఆరవ తరగతినుండియే ‘మెడికల్ ఫౌండేషను’, ఇంటరుకు ప్రహరీగోడల నడుమ రెసిడెన్షియల్ హాస్టలు, తెల్లవారుజామునుండి రాత్రి పది పదకొండు గంటలవరకు తరగతులును స్టడీ అవర్లును, వారము వారము పరీక్ష, మార్కులనుబట్టి సెక్షన్లు. మొదటి పర్యాయము సీటు రానిచో ‘లాంగ్ టర్మ్’. మరల రానిచో మరియొక లాంగ్ టర్మ్. మొదటి సెక్షనులోనివారి ఛాయాచిత్రములు ఫలితముల నాడు పత్రికలలోను ఫ్లెక్సీలపైనను కానవచ్చును. తక్కిన సెక్షన్ల పిల్లల ఫీజు ఆ ఫ్లెక్సీలకు చెల్లుచున్నదని తండ్రి యెరుగడు. విశాఖపట్టణమున నీట్‌కు చదువుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, 2025 జూలై 25వ తేదీని సుప్రీంకోర్టు పదునైదు మార్గదర్శక సూత్రములను విధించినది. మార్కులనుబట్టి పిల్లలను విడదీయరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు, నూరుమందికి పైబడిన విద్యార్థులున్నచోట మానసిక ఆరోగ్య సలహాదారు ఉండవలెననియు శాసించినది. పదునారేండ్లు నిండనివారిని కోచింగు కేంద్రములలో చేర్చుకొనరాదని అంతకుముందు, 2024 జనవరిలో, కేంద్రప్రభుత్వము తెలిపియుండెను. ఈ యాదేశములు కాగితమున నుండి ఫలమేమి? బిడ్డను చేర్పించుటకు ముందు తండ్రి ఈ నియమములను చేతబట్టుకొని, ‘మీ సంస్థలో ఇవి అమలు జరుగుచున్నవా?’ అని అడుగవలెను. అడిగినచో కోపించు సంస్థనుండి వెనుదిరుగవలెను.

ఒక్క పరీక్ష మనుజుని కొలువజాలదనుటకు మన జాతిలోనే గొప్ప నిదర్శనము కలదు. యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను నెగ్గుటకు మూడు పర్యాయములు వ్రాసెను. గాంధీమహాత్ముని పిలుపు విని మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు దుస్తు ధరించినందులకు శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడెను. ఆ తక్కువ పట్టావాడే తరువాత అమెరికాలో ఫోలిక్ యాసిడ్ సంయోజనమునకును, బోదకాలు మందునకును, ఆరియోమైసిన్ పరిశోధనకును నాయకుడయ్యెను. అందరును సుబ్బారావులు కాజాలరు, నిజమే. కాని ర్యాంకు రాని బిడ్డ పనికిమాలినవాడని యింట పలుకు హక్కు, ఈ కథ యెరిగిన తెలుగువానికి లేదు. ఒక్క లాంగ్ టర్మ్ చాలును. ఆపై బిడ్డ మనసు తెలిసికొని, వ్యవసాయశాస్త్రమో, పశువైద్యమో, నర్సింగో, ఫార్మసీయో ఎంచుకొనుట పరాజయము కాదు. ఈ నేలకు వారందరును కావలసియే యున్నారు.

సీటు వచ్చినదనుకొందము, ఏ కళాశాలను కోరుకొనవలెను? చాలమంది భవనమును, హాస్టలు గదులను, ఎ.సి. తరగతులను చూచుచున్నారు. వైద్యకళాశాలకు ప్రాణము రోగి. ఉదయము తొమ్మిది గంటలకు ఆ కళాశాల ఆసుపత్రి ఓ.పి. యొద్ద నిలుచుండి చూడవలెను. వరుస యెంత దూరమున్నది? వార్డులలో పడకలు నిండియున్నవా? కాన్పులెన్ని జరుగుచున్నవి? హౌస్‌సర్జను స్వయముగా కుట్లు వేయుచున్నాడా, లేక దూరమునుండి చూచుచున్నాడా? అతనికి స్టైపెండు చేతికందుచున్నదా? తనిఖీల సమయమున లేని అధ్యాపకులను, లేని రోగులను చూపి అనుమతులు పొందుచున్నారను ఆరోపణలపై 2025లో సి.బి.ఐ. కేసు నమోదు చేసినది. న్యాయస్థానము తేల్చువరకు అవి ఆరోపణలే యగును. కాని తనిఖీ నాటి రోగికిని, నిత్యపు రోగికిని గల భేదమును తెలిసికొనుటకు తండ్రికి న్యాయస్థానపు తీర్పు అక్కరలేదు. సాధారణమైన మంగళవారమునాడు ఒక్క గంట కూర్చుండిన చాలును.

ఈ కొలబద్దతో కొలిచినచో వేయికిపైగా పడకలుగల గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి వంటి గురువు దొరకుట దుర్లభము. అచట 2015లో ఎలుకలు కరచి పసికందు మరణించిన దారుణమును మేము మరువలేదు. మరుసటియేడే అచట గుండెమార్పిడి జరిగిన సంగతిని గూడ మరువలేదు. పాము కరచినవాడు, పురుగుమందు త్రాగినవాడు, కాన్పు కష్టమైన తల్లి పల్నాటినుండియు ప్రకాశమునుండియు అర్ధరాత్రి చేరు ద్వారమది. అట్టి ద్వారమున నిలిచిన విద్యార్థి నేర్చునది పాలరాతి వరండాలలో నేర్వజాలడు. ఒంగోలు ప్రభుత్వ వైద్యకళాశాల వయస్సున చిన్నదే యైనను ఇదే కొలబద్దకు తగినది.

సీటు రానివారికి విదేశముల త్రోవ చూపు ఏజెంట్లు పట్టణమున వీధి వీధిని కలరు. అట్లు పోదలచువారు రెండు సంగతులు మరువరాదు. చదువు ఆంగ్లమున ఏబదినాలుగు మాసములకు తక్కువ కాక, అచటనే మరియొక యేడు హౌస్‌సర్జనుగా పనిచేయవలెనని 2021 నవంబరు నిబంధనలు చెప్పుచున్నవి. తిరిగి వచ్చిన పిదప వ్రాయవలసిన స్క్రీనింగు పరీక్షలో 2024 జూన్‌నందు నెగ్గినవారు నూటికి ఇరువదియొక్కరు మాత్రమే. 2022లో యుద్ధాగ్ని నడుమనుండి యుక్రెయిన్ విడిచి వచ్చిన మన బిడ్డల దురవస్థ ఇంకను కన్నులయెదుట నున్నది.

తల్లిదండ్రులకు చెప్పవలసినది చెప్పితిమి. ప్రభుత్వమునకు చెప్పవలసినది ఒక్కటి కలదు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గము పది క్రొత్త వైద్యకళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యమున నడుప నిశ్చయించెను. వానిలో మార్కాపురము, బాపట్లలు మన సీమలోనివే. ఒక ప్రభుత్వము సీటునకు వెల కట్టెను. మరియొక ప్రభుత్వము కళాశాలకే భాగస్వామిని వెదకెను. ఎవరి వాదము వారికి కలదు. ధనము చాలదని ఇరువురును చెప్పిరి. మా ప్రశ్న మాత్రము మారదు. ఫ్లోరైడు నీరు త్రాగిన మార్కాపురపు మెట్టరైతు బిడ్డ ఆ కళాశాలలో 15,000 రూపాయలకు చదువగలడా? ఆ రైతు స్వయముగా ఆసుపత్రికి వచ్చిన నాడు కాసు చెల్లింపక మంచముపై పరుండగలడా? ఈ రెండింటికిని ‘అవును’ అని ఒప్పందపత్రమున వ్రాసి, బహిరంగపరుచుడు. వ్రాయజాలనిచో దానిని ప్రజల కళాశాల యని పిలువకుడు.

పెదనందిపాడు రైతులు 1921-22లో సామ్రాజ్యమునకు శిస్తు కట్టమని నిలిచిరి. భూమిని జప్తు చేసికొందుమని బెదరించినను వెరవలేదు. ఆనాడు ఎవరును లాగికొనజాలని ఆ భూమిని, నేడు వారి మనుమలు ఒక సీటు కొరకు తామే దస్తావేజు వ్రాసి యిచ్చుచున్నారు. అట్లు కొన్న సీటునుండి వచ్చిన వైద్యుడు ఆ ఋణమును ఎవరినుండి రాబట్టుకొనును? మరల ఆ మిరపచేని రైతునుండియే గదా!