పాట యూరక పుట్టదు

2025వ సంవత్సరము నవంబరు మాసమున, ఐబొమ్మ యను అంతర్జాలకేంద్రమును నడపి చలనచిత్రములను చౌర్యముగా జనులకు అందించుచుండెనను అభియోగముపై హైదరాబాదు పోలీసులు ఒకనిని నిర్బంధించిరి. ఆతడు దోషియా, నిర్దోషియా యనునది న్యాయస్థానము తేల్చవలసిన సంగతి. మనము విచారింపవలసినది వేరొకటి కలదు. ఆ వార్త వెలువడినంతనే ఆతనిని పేదలపాలిటి పెన్నిధియని కొనియాడినవారు అనేకులు బయలుదేరిరి. వారిలో చదువుకొన్నవారును గలరు. పరుల సొత్తును పంచినవానిని దాతయని పొగడు ప్రజకు ఆ సొత్తు ఎవరి చెమటవలన పుట్టినదో తెలియకుండవలెను. లేదా తెలిసియు తెలియనట్లు నటించుచుండవలెను. ఈ రెంటిలో ఏది నిజమైనను అది మనకు గౌరవకరము కాదు.

చలనచిత్రముల మాట యట్లుండ, పాటల విషయమున ఈ యలవాటు మిక్కిలి పాతది. గ్రామఫోను కలవారి యింటి వస్తువు. క్యాసెట్టు వచ్చిన పిమ్మటనే పాట పల్లెకును, గనికార్మికుని గదికిని చేరినది. దానివెంటనే దొంగప్రతియు చేరినది. కరీంనగరము మొదలు గోదావరిఖని, మంచిర్యాల, ఆదిలాబాదుల వరకు, ఖాళీ క్యాసెట్టును, పాటల పట్టికను ఇచ్చినచో సాయంకాలమునకు నింపి యిచ్చు అంగళ్లను ఎరుగని నడివయస్కులు అరుదు. పిమ్మట నూరు పాటలు గల సీడీ వచ్చినది. అటుపిమ్మట ఫోనులోని మెమొరీకార్డు నింపు దుకాణము వచ్చినది. కడపట ఆ దుకాణము సయితము అక్కరలేక, వ్రేలికొనతో దింపుకొను విద్య అందరికిని అబ్బినది. 1999లో అమెరికాలో వెలసిన నాప్‌స్టర్ అను సంస్థ ఈ మార్గమును లోకమునకు చూపినది. న్యాయస్థానపు ఉత్తరువులచే 2001లో అది మూతపడినను మార్గము మూతపడలేదు.

వెలయిచ్చి కొన్న క్యాసెట్టునకు ఒక సుగుణముండెడిది. దాని యట్టపై పాట వ్రాసిన కవి పేరును, స్వరము కూర్చినవాని పేరును, పాడినవారి పేర్లును అచ్చుపడియుండెడివి. దొంగదారిన దింపుకొన్న పాటలో గాయకుని పేరుండవలసిన చోట ఆ చౌర్యకేంద్రము తన పేరునే అతికించుకొనుట మనలో పెక్కురు చూచినదే. మొదట కూలి పోయినది, పిదప పేరును పోయినది. కర్త తన కృతికి తానే కర్తనని చెప్పుకొను హక్కు 1957 నాటి కాపీరైటు చట్టము 57వ సెక్షనున ప్రత్యేకముగా రక్షింపబడియుండగా, మనము చెవులారా వినుచున్న పాట యెవరిదో మనకే తెలియకుండుట ఎంతటి లజ్జాకరము!

ఈ చౌర్యమును సమర్థించువారు మూడు వాదములు చెప్పుదురు. పాట తీసికొన్నంతమాత్రమున అది పాడినవానివద్ద తరుగదు గదా యనునది మొదటిది. సిరిసిల్ల సాలెవాని మగ్గముమీది గుడ్డను ఎత్తుకొనిపోయినచో వానికి గుడ్డ లేదు. పాట యట్టిది కాదు. ఈ భేదము సత్యమే. కాని సాలెవానికి గుడ్డకు వెల ముట్టకున్న రేపటి నూలు లేదు. పాటగానికిని అంతే. నిన్నటి పాట తరుగదు. తరుగునది రేపటి పాట.

మేము పేదలము, కొనలేమనునది రెండవ వాదము. క్యాసెట్టు వెల కూలివాని దినవేతనమును మ్రింగు కాలమున ఈ మాటకు కొంత బలముండెడిది. నేడు రూకయైన చెల్లింపక, ప్రకటనలతో కూడి, న్యాయమార్గముననే వినదగిన పాటలు లెక్కకు మిక్కిలిగా గలవు. ఆదిలాబాదు ఆకాశవాణికి ఎవరును రుసుము చెల్లింపరు. ఇంత సదుపాయముండియు దొంగకేంద్రమునే ఆశ్రయించువానిని పేదరికము ప్రేరేపించుటలేదు, అలవాటు ప్రేరేపించుచున్నది. అచ్చటను ప్రకటనలు గలవు. ఆ రాబడి మాత్రము కవికి గాని గాయకునికి గాని చేరదు.

మూడవ వాదము గట్టిది. లాభమంతయు కంపెనీలే మ్రింగుచున్నవి, కళాకారునికి దక్కునదేమి యని వారందురు. కంపెనీలు చిరకాలము అట్లే చేసినవి. దానిని కప్పిపుచ్చుట మన పనికాదు. ఆ యన్యాయమును కొంత సరిదిద్దుటకే 2012లో చట్టము సవరింపబడినది. సినిమాలో చేరిన సాహిత్యసంగీతములకు, చిత్రశాలలో ప్రదర్శించుట దక్క తక్కిన వినియోగములవలన వచ్చు రాబడిలో కర్తకు సమానభాగముండవలయుననియు, ఆ భాగమును అతడు తన వారసులకు లేదా కర్తల సంఘమునకు తప్ప అన్యులకు వదలుకొనరాదనియు శాసింపబడినది. కావున దొంగప్రతి వలన కంపెనీకే నష్టమని తలచుట పొరపాటు. ఆ భాగమును కూడ మనమే హరించుచున్నాము. యజమాని కూలి ఎగవేసినాడని పంటను మనము కోసికొనిపోయినచో కూలివానికి న్యాయము జరుగునా?

ఇచ్చట ఒక శంకకు సమాధానము చెప్పవలసియున్నది. ఉద్యమకాలమున మన పాటలు చేతినుండి చేతికి, క్యాసెట్టునుండి క్యాసెట్టునకు ఎక్కియే గదా ఊరూర వ్యాపించినవి; అదియు చౌర్యమేనా? కాదు. లింగాపురమున జన్మించిన గూడ అంజయ్యగారివంటి కవులు తమ పాట పదిమంది నోళ్లలో పడవలయుననియే వ్రాసిరి. అది పంపకమునకే పుట్టిన పాట. కర్త సమ్మతితో ప్రతి తీసిన అది ప్రచారము. సమ్మతిలేక తీసిన అది అపహరణము. ఇచ్చువాని ఔదార్యమును చూపి, ఈయనివాని యింటిలో దూరుట న్యాయము కాజాలదు.

ఇక మన ప్రాంతపు గాయకులను గురించి. నేడు కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల పల్లెలనుండి జానపద గీతములు యూట్యూబులో వెల్లువవలె వచ్చుచున్నవి. పాట లక్షలమందికి చేరును. పాడినవారికి కీర్తి వచ్చును. కీర్తి వేరు, కూడు వేరు. 2023లో బలగము చిత్రపు చివర పాడి జనులను కంటతడి పెట్టించిన బుడగజంగాల కళాకారుడు మొగిలయ్య, రోగపీడితుడై 2024 డిసెంబరులో కన్నుమూయునాటికి ప్రభుత్వసహాయమును, దాతల సహాయమును అవసరమైనవి. కావున వృత్తిలో నుండువాడనగుటచే గాయకులకు రెండు మాటలు చెప్పుచున్నాను. హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా లేనిదే చెల్లదు. ఆ పత్రమున కాలపరిమితి లేకున్న అయిదేండ్లనియు, ప్రదేశము చెప్పకున్న భారతదేశమనియు చట్టము భావించును. పాడినవారికి తమ ప్రదర్శనపై ఏబదియేండ్ల హక్కు కలదు. ఇవి యెరుగక తెల్లకాగితముపై చేవ్రాలు చేయవలదు. కర్త యెవరో తెలియని ఊరి పాటకు మాత్రము మన చట్టము రక్షణ చూపలేదు. దానికొక ప్రత్యేకశాసనము కావలయునని మన ప్రతినిధులను అడుగుట పౌరధర్మము.

శిక్షలు లేకపోలేదు. 63వ సెక్షను ఆరుమాసములకు తక్కువకాని, మూడేండ్లకు మించని కారాగారమును, ఏబదివేలనుండి రెండులక్షల వరకు జరిమానాను విధించుచున్నది. వ్యాపారలాభమునకు గాని నేరమైనచో శిక్షను తగ్గించు అధికారము న్యాయమూర్తికి గలదు. ఇది పోలీసులు వారెంటులేకయే పట్టుకొనదగిన నేరమని సుప్రీముకోర్టు 2022 మేనెలలో తీర్పు చెప్పినది. 2016లో తెలంగాణమున ఇందుకొక ప్రత్యేక పోలీసు విభాగమును ఏర్పడినది. అయినను చట్టము లోభి కాదు. పెండ్లి యూరేగింపున పాట వేసికొనుటకు 52వ సెక్షను మినహాయింపు నిచ్చినది. 2021లో మంచిర్యాల ప్రాంతపు వధువొకతె బుల్లెట్టుబండి పాటకు ఆడిన ఆట దేశమంతట వ్యాపించినది. ఆ యానందమునకు ఏ చట్టమును అడ్డు రాదు.

ఇంటింట పోలీసును నిలిపి పాటను కాపాడుట యసాధ్యము. అది వాంఛనీయమును కాదు. శ్రోత తనకు తానే కావలి కావలయును. శక్తిగలవారు వెలయిచ్చి వినుడు. సీడీ దొరకినచో కొనుడు. శక్తిలేనివారు గాయకులు తామే ప్రకటించిన చోట వినుడు. సభలకు పాటగాండ్రను పిలుచు సంఘములవారు శాలువ కప్పుటకు ముందు దారిఖర్చును, పారితోషికమును చేతబెట్టుడు. చదువనామందిరములలోని యువకులు వినుచున్న పాట యెవరు వ్రాసిరో, ఎవరు పాడిరో తెలిసికొని పదిమందికి చెప్పుడు. మన పాట మన ప్రాణమని వేదికలపై చెప్పుచుందుము. ప్రాణమునకు అన్నము పెట్టుటయు మన విధియే.